రోజు లేని ఇల్లు

"భోజనాలు రేపు పెట్టుకుంటే ఏం పోతుంది?" అని తిర్జా మూడోసారి అడిగింది.

ఆసాహెల్ తలెత్తలేదు. మొక్కజొన్న రొట్టె ముక్కని కొవ్వులో అద్ది, నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి మింగాడు.

"సోమవారం రమ్మన్నాను. ఇవాళే వస్తారు."

"కాఫీ అడుగంటింది. ఉప్పుమాంసం నానబెట్టలేదు. రేపైతే కోడిని కోసి..."

"రేపు వద్దు."

"ఎందుకు వద్దు?"

"వద్దన్నాను కదా."

అతని గొంతులో కోపం ఉంటే ఆమెకు తేలిగ్గా ఉండేది. కోపాన్ని ఎలా చల్లార్చాలో ఇన్నేళ్ళ కాపురం నేర్పింది. ఇది కోపంలా లేదు. తలుపు మూసి, లోపలి నుంచి దానికి వీపు ఆనించి నిలబడ్డ మనిషి గొంతులా ఉంది.

పొయ్యి పక్కన కూర్చుని ఆపిల్ పళ్ళ తొక్క తీస్తున్న అత్తగారు కెజియా చేతిలో చాకు ఆగింది. కొడుకునీ కోడల్నీ ఒకసారి చూసి, మళ్ళీ తొక్క తియ్యడంలో పడింది.

ఆసాహెల్ లేచి టోపీ అందుకున్నాడు. ఇంటికీ పిండిమరకీ మధ్య ఒకటే గోడ, ఆ గోడలో ఒకటే తలుపు. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే, "ఎర్ర శాలువా కప్పుకో," అన్నాడు. "అది కప్పుకుంటే ఒంట్లో నెత్తురున్నట్టు కనిపిస్తావు."

తలుపు మూసుకుంది. తిర్జా ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఒంట్లో నెత్తురున్నట్టు. అంటే లేదని తెలుసా? తెలిసే ఈ రోజు పెట్టాడా? భర్త తెలిసి చేశాడనుకుంటే అతను క్రూరుడవుతాడు. తెలియక చేశాడనుకుంటే తాను మోసగత్తె అవుతుంది. రెంటిలో ఏది నయమో తేల్చుకోలేక ఆమె బల్ల తుడవడం మొదలుపెట్టింది. తుడిచినచోటే మళ్ళీ తుడిచింది.

కమ్మరి లూమిస్ కూతురు ఆర్ఫాని పూడ్చి వారం తిరగలేదు. స్టోవెల్ ఊళ్ళో ఆ ఏడాది చలిజ్వరం తొక్కని గడప లేదు. రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన రోజు మనిషిని మంచంతో సహా వణికించి, కాల్చి, చెమటలో ముంచి వదుల్తుంది. మర్నాడు ఏమీ ఎరగనట్టు పనికి పంపిస్తుంది. అందుకే ఆ ఊళ్ళో ఇద్దరు ఎదురుపడితే ముందు అడిగేది "నీ రోజు ఏది?" అని. పెళ్ళి పెట్టుకున్నా, కొట్టం లేపినా, పందిని కోసినా ఎవరెవరి రోజు ఏదో చూసుకునే పెట్టుకుంటారు.

ఎక్కడినుంచి వచ్చిందన్న దానికి మాత్రం అందరూ ఒకవైపే వేలు చూపించారు. మర కోసం వాగుకి వేసిన కట్ట, దాని వెనక నిలిచిన నీళ్ళు. ఆ కట్ట వేసిన రోజున ఊరంతా ఎడ్లు తోలుకొచ్చింది. చక్రానికి ఇరుసు లూమిస్ కొలిమిలోనే తయారైంది. పీపాలు చేసేవాడు చక్రానికి పలకలు కోశాడు, తోళ్ళు పదునుచేసే పెల్టన్ పట్టాలకి తోలు ఇచ్చాడు. ఊరు పుట్టిన రోజు అదే అనుకున్నారు. ఇప్పుడు ఆ ఎడ్లతోనే, ఆ గడ్డపారలతోనే కట్ట తెంపాలంటున్నారు.

నిన్న ఆదివారం ప్రార్థన అయ్యాక లూమిస్ లేచి నిలబడ్డాడు. తనకి ఎవరిమీదా కోపం లేదనీ, ఆ నీళ్ళు పోతే చాలనీ అన్నాడు. అంత పెద్ద మనిషి అంత చిన్న గొంతుతో మాట్లాడటం ఎవరూ ఎప్పుడూ వినలేదు. అప్పుడు ఆసాహెల్ ముందుకెళ్ళి బైబిలు మీద చెయ్యి వేశాడు.

"ఆ నీళ్ళకి అందరికంటే దగ్గర నా ఇల్లు. నా ఇంటికి రోజు లేదు. రేపు మధ్యాహ్నం భోజనానికి రండి, మీ కళ్ళతో చూసుకోండి. నా ఇంట్లో ఒక్కరికి వణుకొచ్చినా ఆ కట్ట నా చేత్తో నేనే తెంపుతాను."

ఆడవాళ్ళ బల్లమీద కూర్చున్న తిర్జా వైపు ఊరంతా తిరిగి చూసింది. ఆదివారం ఆమెకి మంచి రోజు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. తలవంచుకుని నవ్వింది కూడా.

సోమవారం ఆమె రోజు.

*

మొదటిసారి వణుకొచ్చినప్పుడు తిర్జా పాలు పితుకుతోంది. అప్పటికింకా మొక్కజొన్న కంకులు వెయ్యలేదు. చెంబు జారి పాలు ఒలికాయి. ఆ సాయంత్రం భర్తకి చెప్పబోయింది. అతను అప్పుడే ఊళ్ళోంచి వచ్చి, మన ఇంటిని చూసి అందరి నోళ్ళూ మూతపడ్డాయని సంబరంగా చెబుతున్నాడు. ఆ సంబరం అయ్యాక చెబుదామనుకుంది. ఆ తర్వాత చెప్పడానికి రోజురోజుకీ ఇంకొంచెం ధైర్యం కావాల్సి వచ్చింది.

తన రోజున మధ్యాహ్నం దాటేవేళకి ఆవుని వెతకడానికి వెళ్తున్నానని చెప్పి, చుట్టు తిరిగొచ్చి, ఇంటిమీదా మరమీదా ఒకటిగా సాగిన అటక ఎక్కేది. విత్తనపు కంకుల వెనక బొంత కప్పుకుని పడుకుని, పళ్ళు కొట్టుకోకుండా జడ చివర కొరికి పట్టుకునేది. కింద ఇల్లు మామూలుగా నడుస్తూ ఉండేది. ఆ ఇంట్లో మంచి కోడలొకతె తిరుగుతోందనీ, పైన పడుకున్నది ఎవరో దొంగ అనీ ఆమెకి అనిపించేది. దొంగ కిందికి దిగి మంచి కోడలిలో కలిసిపోయే క్షణం ప్రతిసారీ భయంగానే ఉండేది.

అత్తగారికి తెలుసు. ఎవరూ చెప్పలేదు. ఒకరోజు నిచ్చెన పై మెట్టుమీద, గుడ్డలో చుట్టిన వేడి ఇటుక కనిపించింది. అప్పటినుంచి ప్రతిసారీ ఇటుక వస్తోంది. దాని గురించి ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు.

ఇవాళ అటక ఎక్కే దారి లేదు. ఉన్నదల్లా ఒకటే లెక్క. కిటికీలోంచి పడే ఎండ పొయ్యి ముందున్న పగిలిన పలకని తాకేదాకా ఒళ్ళు తనది. ఆ తర్వాత తనది కాదు. ఆ లోపల వాళ్ళు వచ్చి, తిని, వెళ్ళిపోవాలి.

ఒకవేళ ఆలస్యమైతే పొయ్యి దగ్గర కాళ్ళమీద కప్పుకోవచ్చని బొంత కోసం ఆమె అటక ఎక్కింది. చేత్తో తడిమి చటుక్కున వెనక్కి తీసుకుంది. బొంత తడిగా ఉంది. శనివారం తన చెమటతో తడిసిన బొంతని ఆదివారం పొద్దున్నే ఎండకి ఆరేసి మడతపెట్టింది తనే. ఇది కొత్త తడి. ముక్కు దగ్గర పెట్టుకుంది. చెమటా, దానికింద ఇంకేదో, కొంచెం తియ్యగా, రోజూ వాసన చూసేదే.

కిందికి దిగి, "అత్తా, బొంత తడిగా ఉంది," అంది.

"అటక కారుతుందేమో."

"వాన ఎక్కడ పడింది?"

కెజియా తొక్కలన్నీ ఒళ్ళోంచి బుట్టలోకి దులిపింది.

"మీకు గానీ వచ్చిందా అత్తా? నిజం చెప్పండి."

"నాకా? నన్ను పట్టుకుని అదేం బావుకుంటుందే. నాలుగు ఎముకలు తప్ప ఊపడానికి ఏముందని." ముసలామె నవ్వలేదు. "పొయ్యి చూసుకో. దోమలకి గుమ్మంలో పొగ వెయ్యి. వచ్చినవాళ్ళు కూర్చోగానే తినడం మొదలుపెట్టేలా చూడు. తక్కినవి అడగకు."

అడగకు అన్న మాట అభ్యర్థనలా వినిపించింది. అత్తగారు ఇంతకుముందు ఆమెని ఏదీ అభ్యర్థించలేదు.

*

ఊరి తరఫున చూడటానికి వస్తున్న ముగ్గురిలో ముందు పెల్టన్ వచ్చాడు. వాకిట్లో ఉండగానే, "గాలి ఇటునుంచి అటు వీస్తోంది చెల్లెమ్మా, నా వాసన నీ వంటని ముట్టుకోదులే," అని కేకేశాడు. ముట్టుకుంది. తోళ్ళ గుంటల్లో నానిన చెట్టుబెరడు వాసన అతనికంటే ముందే బల్ల దగ్గర కూర్చుంది. తన రోజు రేపనీ, అందుకని ఇవాళే రెండు రోజుల తిండి తినిపోతాననీ చెప్పాడు. రేపు తనని గుంటలో నిలబెడితే చాలట, కర్రతో కలపక్కర్లేకుండా తోళ్ళన్నీ తామే కలుస్తాయట.

లూమిస్ దంపతులు ఆలస్యంగా వచ్చారు. దారిలో స్మశానం దగ్గర ఆగారని చెప్పకుండానే తెలిసింది. హల్డా గౌను అంచుకి మెత్తటి కొత్త మన్ను ఉంది. ఆమె తిర్జాకి ఎదురుగా కూర్చుంది. పలకరించలేదు. తిర్జా ఎటు కదిలితే అటు చూపు తిప్పింది.

ఎండ కిటికీ గడప దిగి నేలమీద పడింది.

లూమిస్ ప్రార్థన చేశాడు. మామూలుగా భోజనానికి ముందు నాలుగు మాటలు చెప్పే మనిషి, ఇవాళ ఆగి ఆగి, మాటల కోసం వెతుక్కుంటూ, ఎంతకీ ఆమెన్ దాకా రాలేదు. తిర్జా కళ్ళు మూసుకోలేదు. పలకల మీద ఎండ పాకడం చూస్తోంది. చనిపోయిన పిల్ల కోసం తండ్రి చేసే ప్రార్థన తొందరగా అయిపోవాలని కోరుకుంటున్నానని తెలిసి, ఆ కోరుకున్నది పైన పడుకునే దొంగే అనుకోడానికి ప్రయత్నించింది. కుదరలేదు.

తినడం మొదలైంది. ఆసాహెల్ ఎక్కువగా మాట్లాడాడు. ఎప్పుడూ అంత మాట్లాడడు. కొండ వాలున, ఈ నీళ్ళకి కోసెడు దూరంలో ఉన్నవాళ్ళు కూడా వణుకుతున్నారు కదా అన్నాడు. పెల్టన్ గుంటల కంపు సంగతి ఎవరూ ఎత్తరేం అన్నాడు. పెల్టన్ నోటినిండా మాంసంతోనే, తన కంపు నిజాయితీ గలదనీ, దాచుకోడానికి ఏమీ లేదనీ జవాబిచ్చాడు. ఒక్కడే నవ్వాడు.

లూమిస్ కంచం పక్కకి జరిపి, సంచిలోంచి తోలుచుట్ట ఒకటి తీసి బల్లమీద విప్పాడు. మరరాళ్ళకి గంట్లు కొట్టే ఉలులు. ఆసాహెల్ పదును పెట్టమని పంపినవి.

"పదును పెట్టాను," అన్నాడు లూమిస్. "ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. కోతలింకా కాలేదు. నీ వాకిట్లో బండి చూసి ఎన్నాళ్ళయిందో. గింజే లేనప్పుడు రాళ్ళు ఎందుకు అరుగుతున్నాయి? ఎడతెగకుండా గంట్లు కొడితే గానీ ఉలులు ఇంత మొద్దుబారవు."

"రాయి మెత్తది."

"ఆ రాయిని బండిమీదనుంచి దింపినప్పుడు కింద పట్టుకున్నవాణ్ణి నేను. మెత్తది కాదు."

ఆసాహెల్ ఉలి ఒకటి తీసుకుని వేలితో మొన చూశాడు.

"నిన్న కూడా తిరిగిందిగా," అన్నాడు పెల్టన్. "ప్రభువు దినం నాడు. మా ఆవిడ మధ్యాహ్నం నిద్రలోంచి లేచి, మబ్బు లేకుండా ఉరిమిందేమిటి అంది. నీ మర అని నేను చెప్పలేదనుకో. ఆదివారం పూట ఆవిడకి ఎవరిమీదా కోపం తెప్పించను."

"తూము తలుపు ఉబ్బి పట్టేసింది," అన్నాడు ఆసాహెల్. "నీళ్ళు ఆగలేదు. చక్రం తిరిగితే తిరగనిచ్చాను."

తిర్జా చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

కొండ వాలున ఉన్న ముసలమ్మ ఇంట్లో పిండి నిండుకుందనీ, ఒక్క సంచి ఆడిచ్చాననీ నిన్న సాయంత్రం ఆమెతో చెప్పాడు. ఆదివారమని చూడకుండా జాలిపడినందుకు ఆమె లోపల మురిసింది కూడా. ఇప్పుడు తూము అంటున్నాడు. వాగులో నీళ్ళు అడుగంటి బురద తేలిన ఈ రోజుల్లో తలుపు ఎందుకు ఉబ్బుతుంది?

అప్పుడు ఆమెకి వాసన గుర్తొచ్చింది. నిన్న గోడ సందులోంచి వచ్చిన వాసన, చెకుముకి రాయి కొట్టినప్పుడు వచ్చే మాడువాసన. మధ్యలో గింజ లేకుండా రాయిమీద రాయి తిరిగితే అలా వస్తుంది. అలా తిప్పకూడదని, రాళ్ళు చెడతాయని, ఒక్క నిప్పురవ్వకి పిండిదుమ్ము అంటుకుని మర మొత్తం లేచిపోతుందని చెప్పింది ఆసాహెలే. పెళ్ళైన కొత్తలో గింజల తొట్టి నిండుకుంటుంటే చూడటమే ఆమె పని. శుక్రవారం కూడా ఆ వాసన వచ్చింది. అంతకుముందు కూడా. వచ్చినప్పుడల్లా ఆమె కిందే, పొయ్యి దగ్గరే, హాయిగా పని చేసుకుంటూ ఉంది. అన్నీ ఆమెకి మంచి రోజులే.

మర తిరుగుతున్నంతసేపూ ఇల్లంతా వణుకుతుంది. అలమరలో పింగాణీ పళ్ళేలు టకటకలాడతాయి. ఆ అదిరే నేలమీద నిలబడ్డ మనిషి వణికితే ఎవరికి తెలుస్తుంది?

బొంతలో చెమట కింద ఉన్న ఆ తియ్యటి వాసన పిండిది.

రేపు వద్దు అన్నాడు.

ఆమె అత్తగారివైపు చూసింది. కెజియా తన కంచంలోకి చూసుకుంటోంది. ఒకరోజు ఒకరికీ, మర్నాడు ఇంకొకరికీ ఇటుక కాచి మోసిన చేతులు బల్ల అంచుమీద పక్కపక్కన పెట్టుకుని ఉంది. ఎవరి గుట్టు ఎవరికీ చెప్పకుండా.

తిర్జాకి ఆవలింత వచ్చింది.

నోరు మూసుకుని ఆపింది. ఇంకోటి వచ్చింది. అది ఎప్పుడూ అలాగే మొదలవుతుంది, నిద్రలాగా, ఏ అపకారమూ చెయ్యనట్టు. తర్వాత వీపు మధ్య సన్నటి చల్లదనం పాకుతుంది. ఎండ పగిలిన పలక మీదికి వచ్చేసింది.

"కాఫీ పొయ్యి," అంది కెజియా గట్టిగా. "వాళ్ళు లేస్తారు."

తిర్జా కాఫీ గిన్నె తీసుకుని భర్త పక్కకి వెళ్ళింది. రెండు చేతులతో పట్టుకుంది. గోళ్ళు నేరేడుపళ్ళ రంగుకి తిరుగుతున్నాయి. ఆసాహెల్ తన గ్లాసు చూడటానికి తల తిప్పి, ఆ గోళ్ళు చూశాడు.

ఈ ఏడాదంతా ఊళ్ళో ప్రతి ఇంట్లో ఆ రంగు గోళ్ళు చూసిన మనిషి. కళ్ళెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. పొద్దున ఆమె మూడుసార్లు అడిగిన మాట అతనికి ఇప్పుడు వినిపించిందని తిర్జాకి తెలిసింది. ఒకే కప్పుకింద, ఒకే బొంతలో, రోజు మార్చి రోజు ఒకరినొకరు మోసం చేసుకున్న ఇద్దరూ అలా ఒక్క క్షణం చూసుకున్నారు. ఆమెకి ఏడుపు రాలేదు. విచిత్రంగా, చాలా రోజుల తర్వాత భర్త ఊరినుంచి తిరిగొచ్చినట్టు అనిపించింది.

ఆసాహెల్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"రా లూమిస్. ఆ తూము తలుపు నువ్వే చూద్దువుగాని. రాళ్ళు కూడా చూపిస్తాను, ఎలా అరుగుతున్నాయో."

"తిన్నాక..."

"ఇప్పుడే రా."

గోడలో తలుపు తెరుచుకుంది, మూసుకుంది. పెల్టన్ ఆపిల్ రొట్టె రెండో ముక్క తన వైపు లాక్కున్నాడు. తిర్జా పొయ్యి వైపు వీపు పెట్టి నిలబడి, మోకాళ్ళు ఒకదానికొకటి ఆనించి, పళ్ళు బిగించింది.

అంతలో గోడ అవతల నీళ్ళు విరుచుకుపడ్డ చప్పుడైంది. చక్రం మూలిగింది. రాళ్ళు కదిలాయి.

అలమరలో పింగాణీలు మొదట ఒకటి, తర్వాత అన్నీ, టకటకలాడాయి. బల్లమీద చెంచాలు పాకాయి. నేల అరికాళ్ళలోంచి మోకాళ్ళలోకి ఎక్కింది. తిర్జా బిగబట్టిన ఒంటిని వదిలేసింది. అంతమంది కళ్ళముందు, పట్టపగలు, మొదటిసారి దాచుకోకుండా వణికింది. అది ఎంత సుఖంగా ఉందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

మాడువాసన వచ్చింది. తొట్టిలో గింజ లేదు. తన కోసం అతను రాళ్ళని కాల్చుకుంటున్నాడు. ఒక్క రవ్వ చాలు, కట్ట తెంపే పని కూడా ఎవరికీ మిగలదు.

హల్డా లేచి బల్ల చుట్టూ తిరిగొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"చల్లగా ఉంది," అంది.

"బావి నీళ్ళు," అంది తిర్జా. మాట ముక్కలై వచ్చింది.

"వణుకుతోంది."

"ఇల్లంతా వణకడం లేదూ," అని కెజియా అందుకుంది. "మర తిరిగితే ఈ ఇంట్లో ఉప్పుజాడీ కూడా వణుకుతుంది హల్డా. అంతదానికి మనిషిని పట్టుకుని..."

హల్డా ముసలామె వైపు చూడలేదు. చెయ్యి వదల్లేదు. పట్టు గట్టిగా లేదు. జ్వరం చూసే తల్లి చెయ్యి పట్టుకున్నట్టే ఉంది.

"పెల్టన్ అన్నా, కాస్త ఆ మర ఆపమని చెప్పు."

"తింటున్నానమ్మా."

"చెప్పి వచ్చి తిను."

పెల్టన్ ఆమె ముఖం చూసి, రొట్టె ముక్క అక్కడే పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వెళ్ళాడు. కెజియా లేవబోయి, లేవలేక, మళ్ళీ కూర్చుంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనో తిట్టో తెలియలేదు.

ముగ్గురు ఆడవాళ్ళూ గోడవైపు చెవులు పెట్టి ఉండిపోయారు. గోడ అవతల గొంతులు. ఆసాహెల్ ఏదో గట్టిగా కాదంటున్నాడు. లూమిస్ గొంతు. మళ్ళీ ఆసాహెల్. ఆపేదాకా తనకి ఎంత సమయముందో తిర్జాకి తెలియదు. ఆగాలనే కోరుకుంటున్నానేమో అన్న అనుమానం ఒక్కసారి వచ్చి, భయపెట్టింది.

"ఆర్ఫాకి ఆఖరి స్నానం చేయించింది నువ్వే," అంది హల్డా. "నాకు చేతులు ఆడకపోతే నువ్వే దాని జుట్టు దువ్వావు. ఆ రోజు నిన్నొకటి అడిగాను. గుర్తుందా?"

తిర్జా తల ఊపింది. అది ఊపడమో వణుకో ఎవరూ చెప్పలేరు.

"ఆ నీళ్ళు నీ గుమ్మం కడుగుతున్నా మీ ఇంటికి ఎందుకు రాలేదు అని అడిగాను. దేవుడి దయ అన్నావు. అప్పటినుంచీ ఒకటే ఆలోచన. మీమీద దయ ఉంటే మామీద ఏముంది? నేనేం చేశానా అని వెతుక్కుంటున్నాను. వెర్మాంట్‌లో, పుట్టింట్లో, మా అమ్మతో అన్న మాటల దగ్గర్నుంచి వెతికాను. దొరికాయి. వెతికితే ఎవరికైనా దొరుకుతాయి. పొద్దున లేచి ఒక్కోటీ తీసి, దీనికా, దీనికా అని దేవుణ్ణి అడుగుతున్నాను."

ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు.

రాళ్ళ చప్పుడు బరువెక్కింది. నెమ్మదించింది. నేల అరికాళ్ళని వదిలేసింది. బల్లమీద చెంచాలు ఆగాయి. అలమరలో పింగాణీలు ఒక్కొక్కటే మాట మానాయి. ఆఖరికి నీలం అంచు పళ్ళెం ఒక్కటి కాసేపు గొణిగి, అదీ ఊరుకుంది.

ఇంట్లో ఒకే ఒక్క చప్పుడు మిగిలింది. తిర్జా పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు.

హల్డా తన చేతిలోని చేతివైపు చూడలేదు. తిర్జా కళ్ళలోకే చూస్తోంది.

"కట్ట సంగతి మగవాళ్ళు చూసుకుంటారు. నాకు ఒక్కటే చెప్పు. నా పిల్ల జుట్టు దువ్విన నాటికే నీకు రోజుందా?"

"ఒసే తిర్జా," అంది కెజియా. ఆ పిలుపులో ఇల్లూ మరా కొడుకూ అన్నీ ఉన్నాయి.

గోడ అవతల అడుగులు దగ్గరికి వస్తున్నాయి. ముందు నడుస్తున్నది ఆసాహెల్. అతని అడుగు ఆమెకి తెలుసు. బైబిలు మీద చెయ్యి వేసిన మనిషి. రేపు ఇదే వేళకి తనూ ఇలాగే వణకబోయే మనిషి.

తలుపు గొళ్ళెం పైకి లేస్తుండగా తిర్జా జడ చివర కోసం తడుముకుంది. దొరికింది. కొరికి పట్టుకోకుండా వదిలేసింది.

"ఉంది," అంది.